ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ రివ్యూ: 2.20 అంటే ఎంతో మోడల్‌కు చెప్పారా?

పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలని నల్లగొండలోగానీ పాలమూరులోగానీ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి మొత్తం 100 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే అంకెను ఏఐ ఏజెంట్ (ఏఐ మోడల్ బుర్రతో, బయటి టూల్స్ పిలిచి పనిచేసే ప్రోగ్రాం) దశాంశంగా చదివితే 2.2 ఎకరాలవుతుంది, అంటే 88 గుంటలు. ప్రోగ్రాముల మధ్య డేటా పంపే జేసన్ ఫార్మాట్‌లో నంబరుగా పంపితే చివరి సున్నా రాలిపోయి 2.2 మిగులుతుంది. అప్పుడు ఎకరాలు, గుంటల పద్ధతి తెలిసిన మోడల్ కూడా దాన్ని రెండెకరాల రెండు గుంటలనుకుని 82 గుంటలు లెక్కగట్టొచ్చు. ఒకే చెలకకు మూడు విస్తీర్ణాలు! 100కూ 88కూ మధ్య తేడా 12 గుంటలు, గజాల్లో చెప్పాలంటే 1,452. ఇంతా చేస్తే కోడ్ సరిగ్గానే నడిచింది. ఏజెంట్ పిలిచే ఫంక్షన్‌కు, అంటే టూల్‌కు, రాసిన వివరణలో ఒక్క వాక్యం లేకపోవడమే దీనికంతటికీ కారణం.

అలాంటి లోటును రైతు దాకా పోకముందే పట్టుకోవడానికి టూల్స్ ఇచ్చే సర్వర్లను పరీక్షించే పరికరమైన ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ ఎంతవరకు అక్కరకొస్తుందో చూడటానికే ఈ రివ్యూ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో కూర్చునిగానీ ఇంటి నుంచిగానీ మన దగ్గరి లెక్కలతో ఏజెంట్ కట్టాలనుకునేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాం. పరీక్షకు పైథాన్‌లో నాలుగు టూల్స్ ఉన్న చిన్న సర్వర్ వాడాం. ఒకటి జలాశయం స్థితి చెబుతుంది, ఒకటి వడ్ల డబ్బు లెక్క చేస్తుంది, ఒకటి భూమి విస్తీర్ణాన్ని మారుస్తుంది, ఇంకొకటి కొనుగోలు కేంద్రంలో టోకెన్ తీసుకుంటుంది. లోపలి డేటా నమూనా కోసం పెట్టిందే.

ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ఏజెంట్లూ టూల్స్ ఇచ్చే సర్వర్లూ మాట్లాడుకునే పద్ధతి. ఆంత్రోపిక్ దీన్ని 2024 నవంబర్‌లో విడుదల చేసింది. ఏజెంట్ అడగగానే సర్వర్ తన దగ్గరున్న టూల్స్ జాబితా పంపుతుంది. ఒక్కో టూల్‌కు పేరు, వివరణ, ఏమేం ఇవ్వాలో చెప్పే ఇన్‌పుట్ స్కీమా ఉంటాయి. ఏ టూల్ పిలవాలి, ఏ విలువ పంపాలి అన్నది మోడల్ తేల్చుకునేది ప్రధానంగా ఈ మూడింటిని చదివే. రీడ్‌మీ ఫైల్‌లో ఎంత చక్కగా రాసినా, కోడ్ పక్కన ఎన్ని కామెంట్లు పెట్టినా, అవి ఈ జాబితాలోకి రాకపోతే మోడల్‌కు లేనట్టే. మనుషుల కోసం డాక్యుమెంటేషన్ రాసి అలవాటైన చేయి ముందుగా మార్చుకోవాల్సింది ఇక్కడే. మనిషికి అర్థం కాకపోతే పక్క సీటువాళ్లను అడుగుతాడు. మోడల్ చాలాసార్లు అడగదు, ఏదో ఒకటి ఊహించి ముందుకుపోతుంది.

ఇన్‌స్పెక్టర్ ఉచితం, ఓపెన్ సోర్స్. నోడ్ జేఎస్ 22 వెర్షన్ ఉండాలి. విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. టెర్మినల్‌లో నోడ్‌తో పాటు వచ్చే ఎన్‌పీఎక్స్ కమాండ్ తర్వాత ఇన్‌స్పెక్టర్ ప్యాకేజీ పేరు, ఆ వెనకాలే మన సర్వర్‌ను నడిపే కమాండ్ రాస్తే చాలు. ఎంసీపీకి పైథాన్ అధికారిక ఎస్‌డీకే (సర్వర్లు రాయడానికి ఇచ్చే కోడ్ కట్ట) ఉంటే ఇంకా తేలిక: ఎంసీపీ డెవ్ అని కొట్టి సర్వర్ ఫైల్ పేరు ఇస్తే ఇన్‌స్పెక్టరే తెరుచుకుంటుంది. బ్రౌజర్‌లో కనిపించే భాగం 6274 పోర్టు మీద, సర్వర్‌తో మాట్లాడే ప్రాక్సీ 6277 మీద నడుస్తాయి. రెండింట్లో ఏదైనా పోర్టు వేరే ప్రోగ్రాం చేతిలో ఉంటే మొదలవదు. ముందు అది చూసుకోండి.

కనెక్ట్ నొక్కగానే ఎర్ర అక్షరాలు వస్తే, ఎస్‌టీడీఐఓ పద్ధతి సర్వర్లలో మొదట అనుమానించాల్సింది ప్రింట్ వాక్యాలను. ఆ పద్ధతిలో ఏజెంటుకూ సర్వర్‌కూ మాటలు నడిచేది స్టాండర్డ్ అవుట్‌పుట్ మీదే. మధ్యలో మన ప్రింట్ ఒకటి దూరితే అది జేసన్ సందేశం కాదు కాబట్టి చదివే వైపు తడబడుతుంది. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్ వైపు మళ్లించాలి.

అసలు ఉపయోగం టూల్స్ ట్యాబ్‌లో ఉంది. లిస్ట్ టూల్స్ నొక్కితే సర్వర్ పంపిన పేర్లు, వివరణలు వస్తాయి. ఒక టూల్ ఎంచుకుంటే దాని స్కీమా నుంచి ఫారం తయారవుతుంది. ఇక్కడే మొదటి లోటు బయటపడింది. చాలామంది పైథాన్‌లో ఫంక్షన్ కింద డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పే రాత) రాసి, అందులో ఆర్గ్స్ అని పెట్టి ఒక్కో పారామీటర్‌ను, అంటే ఇవ్వాల్సిన విలువను, వివరిస్తారు. అధికారిక ఎస్‌డీకే ఆ డాక్‌స్ట్రింగ్ మొత్తాన్నీ టూల్ వివరణగా పంపుతుందే తప్ప, ఒక్కో పారామీటర్ ముక్కనూ విడదీసి స్కీమాలో దాని పక్కన పెట్టదు. ఫారంలో ఆ పెట్టెలు వివరణ లేకుండా ఖాళీగా కనిపిస్తాయి. పారామీటర్ పక్కనే వివరణ చేరాలంటే అనోటేటెడ్ టైప్‌తో ఫీల్డ్ డిస్క్రిప్షన్ ఇవ్వాలి. పరిమితమైన విలువలైతే లిటరల్ టైప్ వాడాలి. అది స్కీమాలో ఎనమ్‌గా, అంటే ఒప్పుకునే విలువల పట్టీగా, మారుతుంది, ఫారంలో ఎంచుకునే జాబితాగా వస్తుంది. కోడ్ చదివినంతసేపూ అన్నీ రాసే ఉన్నాయనిపిస్తుంది. సర్వర్ వాస్తవంగా ఏం పంపిందో ఇక్కడ చూస్తే తప్ప లోటు తెలియదు. ఈ ఒక్క పనికే ఇన్‌స్పెక్టర్‌ను తెరవొచ్చు.

ఒక చిన్న అసౌకర్యం ఉంది. పారామీటర్ వివరణ పెట్టె లోపల లేత అక్షరాల్లో కనిపిస్తుంది, టైప్ చేయడం మొదలుపెట్టగానే పోతుంది. పొడుగు వివరణ అలా చదవడం కష్టం. అందుకే వివరణలను సరిచూసేటప్పుడు సీఎల్‌ఐ పద్ధతి (బ్రౌజర్ లేకుండా టెర్మినల్ కమాండ్‌తోనే నడిపేది) మేలు. కమాండ్‌కు సీఎల్‌ఐ ఫ్లాగ్ పెట్టి, మెథడ్‌గా టూల్స్ లిస్ట్ ఇస్తే జాబితా అంతా ముడి జేసన్‌గా టెర్మినల్‌లో వచ్చేస్తుంది. దాన్ని కాగితం మీద అచ్చువేసి, ఈ పని తెలిసిన మనిషి చేత చదివించండి. కొనుగోలు కేంద్రంలో తూకం వేసేవాళ్లకో పొలం కొలిచేవాళ్లకో ఇస్తే కోడ్ రాసినవాళ్లకు కనబడనివి వాళ్లకు మొదటి చూపులోనే కనబడతాయి.

జలాశయం టూల్‌తో ఇది బాగా తెలుస్తుంది. మొదటి వివరణలో 'జలాశయం నీటిమట్టం, నిల్వ ఇస్తుంది' అని మాత్రమే రాశాం. చూడ్డానికి సరిగ్గానే ఉంది. ఇప్పుడు అంకెలు చూడండి. మూసీ ప్రాజెక్టు పూర్తి మట్టం 645 అడుగులు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. జూరాల 1,045 అడుగులు. ఎందులో నీళ్లెక్కువ అని అడిగితే, అడుగులు మాత్రమే చూసే ఏజెంట్ జూరాలను ముందుపెట్టి, మూసీని సాగర్ కంటే పెద్దది చేస్తుంది. నిజానికి నిండితే సాగర్‌లో 312 టీఎంసీలు, జూరాలలో 9.657, మూసీలో 4.46. ఈ అడుగులు సముద్రమట్టం నుంచి లెక్కించినవి, జలాశయం లోతు కాదు. రోజూ పేపర్‌లో ప్రాజెక్టుల పట్టిక చూసే మనకు ఇది చెప్పకుండానే తెలుసు. టూల్‌కు రాసేటప్పుడు సరిగ్గా ఇలా చెప్పకుండా తెలిసినవే జారిపోతాయి.

మార్చి రాసిన వివరణ ఇది: 'ఒక జలాశయం తాజా స్థితి ఇస్తుంది. మట్టం సముద్రమట్టం నుంచి అడుగుల్లో ఉంటుంది. ఒకే జలాశయంలో పెరిగిందా తగ్గిందా చూడటానికే వాడాలి. రెండు జలాశయాలను పోల్చాలంటే టీఎంసీల్లో ఉన్న నిల్వను వాడాలి. ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో క్యూసెక్కుల్లో, రీడింగ్ తీసిన సమయానికి ఉన్న వేగం. రోజు మొత్తం నీరు కాదు. రీడింగ్ సమయం ఫలితంలో ఉంటుంది. రేపటి అంచనాగానీ కాల్వల వారీ విడుదలగానీ ఇవ్వదు.' చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. టూల్ ఏం చేయదో రాయకపోతే, ఎడమ కాల్వకు నీళ్లెప్పుడు వదులుతారని మిర్యాలగూడ రైతు అడిగినప్పుడు ఏజెంట్ ఔట్‌ఫ్లో అంకె చూసి ఏదో ఒక జవాబు అల్లేస్తుంది.

క్యూసెక్కుల గురించి ఇంకో మాట. 50,000 క్యూసెక్కులు ఒక రోజంతా అదే వేగంతో వస్తే 4.32 టీఎంసీలు. ఒక టీఎంసీకి దాదాపు 11,574 క్యూసెక్కులు రోజంతా పారాలి. ఈ మార్పిడిని మోడల్‌కు వదలకుండా సర్వర్‌లోనే చేసి, రోజు లెక్కను విడి ఫీల్డ్‌గా ఇవ్వడం మంచిది. ఫీల్డ్ పేరులోనే కొలమానం ఉండాలి: 'లెవెల్' అని కాకుండా 'లెవెల్_ఫీట్', 'స్టోరేజ్' అని కాకుండా 'స్టోరేజ్_టీఎంసీ'. ఫలితం చదివేటప్పుడు మోడల్ కళ్ల ముందు ఉండేది ఫీల్డ్ పేరే, ఎక్కడో పైన ఉన్న వివరణ కాదు. 2025 జూన్ నాటి ఎంసీపీ వెర్షన్ నుంచి ఫలితానికి కూడా స్కీమా ఇవ్వొచ్చు, ఆ సౌకర్యం వాడుకోండి.

వడ్ల లెక్కలో గొడవంతా బస్తాతోనే. 2025-26కు ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. పారామీటర్‌కు 'పరిమాణం' అని పేరుపెట్టి నంబరు అడిగితే, 'నాయి 62 బస్తాలైనయి, ఎంతొస్తది?' అన్నప్పుడు మోడల్ 62 పంపుతుంది. టూల్ దాన్ని క్వింటాళ్లనుకుని 1,48,118 రూపాయలు చెబుతుంది. కొనుగోలు కేంద్రంలో బస్తాకు 40 కిలోలు కాబట్టి అది 24.8 క్వింటాళ్లే, రావాల్సింది 59,247 రూపాయలు. పేరును 'క్వింటాళ్లు' అని మార్చి, వివరణలో 'వాడేవారు బస్తాల్లో చెబితే ఒక్కో బస్తా ఎన్ని కిలోలో అడిగి మార్చాలి. 40 కిలోలని అనుకోకూడదు' అని రాస్తే సరిపోతుంది. బయటి వ్యాపారుల దగ్గర బస్తా తూకం వేరుగా ఉండొచ్చు, అందుకే అడగమనడం. తేమ గురించి కూడా ఒక వాక్యం పెట్టాలి: ప్రమాణం 17 శాతం వరకు, అంతకు మించితే ఈ లెక్క వర్తించదు.

విస్తీర్ణాన్ని నంబరుగా తీసుకోవడం మానేయాలి. ఎకరాలకు ఒక పూర్ణాంకం, గుంటలకు 0 నుంచి 40 లోపు ఇంకో అంకె, రెండు పారామీటర్లు. పాత రికార్డు నుంచి తెచ్చే 2.2050 లాంటిది ఇరవైన్నర గుంటలు కాబట్టి గుంటలకు అర కూడా ఒప్పుకోవాలి. సర్వే నంబరు ఎప్పుడూ స్ట్రింగే, 123/అ అన్నది ఏ నంబరు టైప్‌లోనూ పట్టదు. ఎస్‌టీడీ కోడ్ కూడా అంతే: నల్లగొండ 08682, మహబూబ్‌నగర్ 08542, పూర్ణాంకంగా పెడితే ముందున్న సున్నా పోతుంది. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో అడగాలి, ఒక ఉదాహరణ రాయాలి. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3. మోడల్ మార్చి 4 అనుకునే అవకాశం ఉంది.

ఇక మన మాటలు. జనం వడ్లంటారు, కాగితాల్లో ధాన్యం, వరి అని ఉంటుంది. పల్లీలంటారు, మార్కెట్ పట్టికలో వేరుశనగ. యాసంగి అంటారు, కేంద్ర ప్రభుత్వ ఫైళ్లలో రబీ. ఎనమ్‌లో ఒక్క మాటే పెట్టి, మిగతావన్నీ దానికి సమానమని వివరణలో రాయాలి. జిల్లా పారామీటర్‌కు ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2016 అక్టోబర్‌లో పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడివడ్డాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత 2019లో నారాయణపేట వచ్చాయి. పదేళ్ల దిగుబడి పోలిక అడిగితే, జిల్లా సరిహద్దు మారిందని తెలియని ఏజెంట్ నల్లగొండలో పంట ఒక్కసారిగా పడిపోయిందని నివేదిక రాసిపెడుతుంది. 'జిల్లా పేరు ప్రస్తుత సరిహద్దుల ప్రకారం' అనో, 'ఆ ఏడాది నాటి సరిహద్దుల ప్రకారం' అనో తేల్చి రాయండి.

వివరణ తెలుగులో రాయాలా ఇంగ్లిషులోనా? ఎక్కువ మోడళ్లలో తెలుగు లిపికి టోకెన్లు (మోడల్ చదివే అక్షర ముక్కలు, కొనుగోలు కేంద్రం టోకెన్లు కాదు) ఎక్కువ ఖర్చవుతాయి. టూల్స్ జాబితా మోడల్‌కు ప్రతిసారీ పోయేది కాబట్టి ఆ భారం ప్రతి ప్రశ్న మీదా పడుతుంది. మా సలహా: వాక్యాలు ఇంగ్లిషులో, వడ్లు, యాసంగి, గుంట, పాలమూరు వంటి మాటలు మాత్రం తెలుగు లిపిలోనే. ఫలితాల్లో తెలుగు పంపేవాళ్లు ఒకటి సరిచూసుకోవాలి. పైథాన్ జేసన్ డంప్స్‌లో ఎన్ష్యూర్ ఆస్కీ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. దాని వల్ల ఒక్కో తెలుగు అక్షరమూ గుర్తూ ఆరేసి అక్షరాల సంకేతంగా మారి మోడల్‌కు చేరుతుంది. టోకెన్లు దండగ, చదవడమూ కష్టం. సీఎల్‌ఐలో టూల్‌ను పిలిచి ముడి ఫలితం చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది. ఆ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే పోతుంది.

కొనుగోలు కేంద్రం టోకెన్ టూల్ మిగతా మూడింటిలా కాదు, ఇది ఒక పని చేసి వస్తుంది. ఎంసీపీలో అనోటేషన్లు అనే గుర్తులున్నాయి: చదవడం మాత్రమేనా, ఉన్నదాన్ని చెరిపేదా, రెండుసార్లు పిలిచినా ఫలితం ఒకటేనా. ఏమీ పెట్టకపోతే చెరిపేదనే అనుకోవాలని ప్రోటోకాల్ చెబుతుంది. అందుకే జలాశయం టూల్‌కు 'చదవడం మాత్రమే' అని పెట్టాలి, లేకపోతే ఏజెంట్ ప్రతిసారీ అనుమతి అడిగి విసిగించొచ్చు. టోకెన్ టూల్‌కు రెండోసారి పిలుపు సంగతి వివరణలోనూ రాయాలి. నెట్ ఆగి జవాబు రాకపోతే ఏజెంట్ మళ్లీ పిలుస్తుంది, ఒకే రైతు పేర రెండు టోకెన్లు పడతాయి. సర్వర్‌ను మార్చి, 'అదే రైతు, అదే కేంద్రం, అదే తేదీ అయితే పాత టోకెనే తిరిగి ఇస్తుంది' అని రాసేయడం సరైన మందు. ఇన్‌స్పెక్టర్‌లో రన్ రెండుసార్లు నొక్కి, రెండు ఫలితాల్లో టోకెన్ నంబరు ఒకటేనా చూడండి.

తప్పు సందేశాలు కూడా డాక్యుమెంటేషనే. కావాలని తప్పు విలువలు ఇచ్చి చూడటానికి ఇన్‌స్పెక్టర్ చాలా అనువుగా ఉంది. 'చెల్లని ఇన్‌పుట్' అని వస్తే ఏజెంట్ అదే విలువను మళ్లీ పంపుతుంది. 'గుంటలు 40 కంటే తక్కువ ఉండాలి, వచ్చింది 45. ఎకరాలు ఒకటి పెంచి గుంటలు 5గా పంపండి' అని వస్తే రెండో పిలుపుకే సరిచేసుకుంటుంది. ఇలాంటి తప్పును ప్రోటోకాల్ ఎర్రర్‌గా కాకుండా, టూల్ ఫలితంలోనే ఎర్రర్ గుర్తు పెట్టి పంపాలి. అప్పుడే మోడల్ దాన్ని చదివి దిద్దుకునే వీలుంటుంది.

భద్రత విషయంలో ఒకటి ఖచ్చితంగా చూసుకోవాలి. 0.14.1 కంటే పాత ఇన్‌స్పెక్టర్ వెర్షన్లలో 2025లో బయటపడ్డ తీవ్రమైన లోపం ఉంది, దాని నంబరు సీవీఈ-2025-49596. ఇన్‌స్పెక్టర్ నడుస్తుండగా బ్రౌజర్‌లో చెడ్డ వెబ్‌సైట్ ఒకటి తెరిస్తే అది ప్రాక్సీ ద్వారా మన కంప్యూటర్ మీద కమాండ్లు నడిపించగలిగేది. ఆ తర్వాతి వెర్షన్లు సెషన్ టోకెన్ (ఆ సారికి మాత్రమే చెల్లే రహస్య సంకేతం) అడుగుతాయి. ఆ తనిఖీని ఆపే సెట్టింగ్ ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. నలుగురు వాడే వైఫైలో అయితే మరీ వద్దు.

ఇన్‌స్పెక్టర్‌లో పెద్ద కొరత, లోపల మోడల్ లేకపోవడం. ఫారం నింపేది మనం, 62 బస్తాలని మన మనసుకు తెలుసు, కాబట్టి 24.8 అని సరిగ్గానే టైప్ చేస్తాం. అక్కడ అన్నీ పచ్చగా వచ్చినా, మోడల్ సరైన టూల్‌ను ఎంచుకుంటుందా, సరైన విలువ పంపుతుందా అన్నది తేలదు. దానికి వేరే పరీక్ష కావాలి: జనం అడిగే మాటల్లో ఇరవై ప్రశ్నలు రాసి, ఒక్కోదానికి ఏ టూల్, ఏ విలువలు రావాలో ముందే పక్కన రాసుకుని, నిజమైన ఏజెంట్‌తో నడిపి పోల్చాలి. 'సాగర్ల నీళ్లెంతున్నయి', 'మూసీల ఎక్కువున్నయా జూరాలల ఎక్కువున్నయా', 'రెండెకరాల ఇరవై గుంటలంటే ఎన్ని గజాలు' వంటివి ఉండాలి. ఏ టూల్ పిలవకూడని ప్రశ్నలు కూడా నాలుగైదు కలపాలి, ఉదాహరణకు బత్తాయి ధర. తప్పు వచ్చిన చోట వివరణలో ఒక్క వాక్యమే మార్చి మళ్లీ ఇరవైనీ నడపాలి. ఒకేసారి మూడు వాక్యాలు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మా మార్కులు: సర్వర్ ఏం పంపుతుందో చూడటానికి ఐదుకు ఐదు. తప్పు విలువలతో పరీక్షించడానికి నాలుగు. పొడుగు వివరణలు తెరమీద చదవడానికి రెండున్నర. వివరణ మంచిదో కాదో తేల్చడానికి మార్కులే వేయలేం, అది ఈ పరికరం పని కాదు. వాడేవాళ్లు సీఎల్‌ఐలో వచ్చిన టూల్స్ జాబితాను ఫైల్‌గా గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే పరికరం) పెట్టుకోవాలి. కోడ్ మారినప్పుడల్లా కొత్త జాబితా తీసి పాతదాంతో పోల్చితే, ఎవరో ఫంక్షన్ సర్దుతూ 'బస్తా ఎన్ని కిలోలో అడగాలి' అన్న వాక్యాన్ని తీసేసినా ఆ రోజే కనబడుతుంది.